బీఈడీ, డీఎడ్ చదువును స్కూల్ ఉద్యోగానికి సరిపోయేలా మలుచుకోవడం ఎలా? డెమో నుంచి చేరేదాకా పూర్తి మార్గదర్శి

ఏటా మార్చి దాటితే నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "బీఈడీలో 82 శాతం వచ్చింది. మూడు స్కూళ్లలో డెమో ఇచ్చాను. కబురు చేస్తామన్నారు, చేయలేదు. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి." పదకొండేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఆరేళ్లుగా డెమోలు, అంటే ఉద్యోగానికి వచ్చినవాళ్లు చెప్పి చూపించే నమూనా పాఠాలు, చూసే కుర్చీలో కూర్చుంటున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

అసలు చిక్కు ఇది. కాలేజీ మిమ్మల్ని ఒక పీరియడ్‌కు తయారుచేస్తుంది. స్కూల్ మాత్రం వారానికి ముప్ఫై దాకా పీరియడ్లు, నలభై నోట్‌బుక్కుల కట్టలు, నెలకో పేరెంట్స్ మీటింగ్ మోసే మనిషి కోసం వెతుకుతుంది. మీరు నేర్చుకున్నది పనికిరాక కాదు, వాళ్లకు కావాల్సిన రూపంలో చూపించక ఎంపిక కావడం లేదు. ఆ రూపంలోకి ఎలా తెచ్చుకోవాలో వరుసగా చూద్దాం.

1. ఏ తరగతులకు చెప్పాలో ముందు తేల్చుకోండి

"ఏ క్లాసైనా పర్లేదండీ, చెప్తాను." ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువగా వినే మాట ఇది. అన్నవాళ్లకు వినయంగానే అనిపిస్తుంది. విన్నవాళ్లకు మాత్రం ఈ మనిషి దేనికీ సిద్ధమై రాలేదని అర్థమవుతుంది. పైగా చట్టప్రకారం ఏ క్లాసైనా చెప్పడం కుదరదు కూడా.

- 1 నుంచి 5 తరగతులు: ఇంటర్, డీఎడ్, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పేపర్-1. ఉత్త బీఈడీ ఇక్కడ చెల్లదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ఎస్‌జీటీ (ప్రభుత్వ ప్రాథమిక బడి టీచర్) పోస్టులు డీఎడ్ వాళ్లవే.
- 6 నుంచి 8: డిగ్రీ, బీఈడీ, టెట్ పేపర్-2. ఎన్‌సీటీఈ (టీచర్ల చదువును నియంత్రించే జాతీయ మండలి) నిబంధనల ప్రకారం డిగ్రీ ఉన్న డీఎడ్ వాళ్లు కూడా అర్హులే.
- 9, 10: చెప్పబోయే సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ.
- సీబీఎస్‌ఈలో 11, 12: పీజీ, బీఈడీ. రాష్ట్ర బోర్డు జూనియర్ కాలేజీల్లో పీజీ చూస్తారు, బీఈడీ అడగరు.

"ప్రైవేటులో టెట్ ఎవరడుగుతారు?" అని ఇంకా అనుకునేవాళ్లున్నారు. 1 నుంచి 8 తరగతులకు టెట్ అనేది విద్యాహక్కు చట్టం కింద పెట్టిన కనీస అర్హత, ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. స్కూళ్లు టీచర్ల అర్హతలను యూడైస్ ప్లస్‌లో, అంటే కేంద్రం నడిపే స్కూళ్ల సమాచార పోర్టల్లో, నమోదు చేయాలి. సీబీఎస్‌ఈ స్కూళ్లయితే ఆ బోర్డు ఒయాసిస్ పోర్టల్లోనూ పెట్టాలి. మీ పేరు ఎదురుగా టెట్ గడి ఖాళీగా ఉంటే తనిఖీ రోజు ఇబ్బంది పడేది ప్రిన్సిపాలే. అందుకే ఇద్దరు సమానంగా చెప్పినప్పుడు టెట్ ఉన్నవాళ్లకే ఉద్యోగం వెళ్తుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ టెట్ 150 మార్కులకు ఉంటుంది. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 రావాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ పోస్టుల నియామక పరీక్ష) మీ మార్కుల్లో 20 శాతం టెట్ నుంచే వస్తుంది, మిగతా 80 పరీక్షవి. డీఎస్సీలో డెమో ఉండదు కాబట్టి దాని తయారీ వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

2. మీ డిగ్రీ, మెథడాలజీ, టైంటేబుల్: మూడూ కలుస్తున్నాయా చూసుకోండి

ఇంకా బీఈడీలో చేరనివాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. సీటు దొరికింది కదా అని మీ డిగ్రీకి దూరపు మెథడాలజీలో (బీఈడీలో బోధన నేర్చుకునే సబ్జెక్టు) చేరితే ఆ తర్వాత సరిచేసుకునే దారి ఉండదు. చేరే కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఎంపీసీ వాళ్లకు మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్‌లలో ఏది తీసుకోవాలన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. నా లెక్కలో, మీ ఊళ్లో రాష్ట్ర సిలబస్ స్కూళ్లు ఎక్కువైతే మ్యాథ్స్ మేలు. ఒకటో తరగతి నుంచి పది దాకా రోజూ ఉండే పీరియడ్ అది.

బైపీసీ వాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. రాష్ట్ర సిలబస్‌లో ఎనిమిదో తరగతి నుంచి ఫిజికల్ సైన్స్, బయాలజీ వేర్వేరు పుస్తకాలు. సీబీఎస్‌ఈలో పదో తరగతి దాకా సైన్స్ ఒకటే పుస్తకం. మీది బయోలాజికల్ సైన్స్ మెథడాలజీ అయినా కాంతి, విద్యుత్తు పాఠాలు మీరే చెప్పాల్సి రావచ్చు. నేను ఇంటర్వ్యూ చేసిన బైపీసీ అభ్యర్థుల్లో చాలామంది సరిగ్గా ఇక్కడే తడబడ్డారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఫిజిక్స్ పాఠాలు చదువుకుని, లెక్కలు సొంతంగా చేసుకుని వెళ్లండి. పది రోజుల పని.

చిన్న స్కూళ్లు రెండు సబ్జెక్టులు చెప్పగలిగేవాళ్లను ఇష్టపడతాయి. "ప్రధానంగా మ్యాథ్స్. ఏడో తరగతి వరకు సైన్స్ కూడా చెప్పగలను" అని హద్దు గీసి చెప్పండి.

3. ప్రకటనలో రాసింది, రాయనిది

మీరు చేరాలనుకునే రకం స్కూళ్ల ప్రకటనలు ఐదు తీసుకోండి. అన్నింట్లోనూ మళ్లీ మళ్లీ కనిపించే మాటల కింద గీత గీయండి. ఆ మాటల వెనక ఏముంటుందంటే:

- "ఇంగ్లిష్‌లో అనర్గళంగా మాట్లాడాలి": క్లాసు ఇంగ్లిష్‌లో నడపాలి, తల్లిదండ్రులతో రెండు నిమిషాలు తడబడకుండా మాట్లాడాలి. అంతకుమించి ఏమీ లేదు.
- "క్లాస్‌రూమ్ మేనేజ్‌మెంట్": నలభై మంది పిల్లల్ని కేకలు వేయకుండా, కర్ర పట్టకుండా కూర్చోబెట్టగలగాలి.
- "రెండేళ్ల అనుభవం": కొత్తవాళ్లకు నేర్పే తీరిక లేదు. ఇంటర్న్‌షిప్‌లో చేసిన పనిని ఆధారాలతో చూపిస్తే ఈ షరతు చాలాసార్లు మెత్తబడుతుంది.
- "వెంటనే చేరాలి": ఎవరో మధ్యలో మానేశారు. ఎందుకు మానేశారో మర్యాదగా అడగండి.
- "అదనపు బాధ్యతలు": బస్ డ్యూటీ, స్టడీ అవర్, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం. చేరాక తెలుసుకునే కంటే ముందే అడగడం నయం.

తర్వాత ఒక కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమవైపు స్కూల్ అడిగేవి, కుడివైపు దానికి మీ దగ్గరున్న ఆధారం రాయండి. "చదివాను" అనేది ఆధారం కాదు, చేసిన పని మాత్రమే ఆధారం. కుడివైపు ఖాళీగా మిగిలిన గళ్లను ఇంటర్న్‌షిప్‌లో నింపుకోవాలి.

4. ఇంటర్న్‌షిప్‌నే మొదటి ఉద్యోగం అనుకోండి

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో 20 వారాలు స్కూల్లో గడపాలి. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే వస్తాయి. అంటే దాదాపు నాలుగు నెలలు. ఇందులో ఎంత భాగం స్కూల్లో గడుస్తుందో, ఎంత భాగం సీనియర్ల రికార్డులు చూసి కాపీ చేయడంలో పోతుందో చదివినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రికార్డులు రాసిపెట్టే దుకాణాలు కూడా ఉన్నాయి. అట్టలు మెరుస్తాయి, లోపల ఒక్క పిల్లాడి పేరూ కనిపించదు.

స్కూల్లో మీకు దారి చూపే టీచర్‌ను మొదటి వారమే అడగండి: "మేడం, మీ పనిలో నాకు ఏదైనా ఇవ్వండి, చేస్తాను." ఏ టీచరూ కాదనరు. కింది ఆరు పనులు మాత్రం తప్పకుండా చేసి బయటికి రండి.

నోట్‌బుక్కులు దిద్దండి. ఒక క్లాసువి మొత్తం, వరుసగా మూడు వారాలు. ఒట్టి టిక్కులు పెట్టకండి. ఏ తప్పు ఎంతమంది చేశారో ఓ పక్కన లెక్క రాసుకోండి. ఎవరు ఏమడిగినా జవాబుకు సరుకు ఆ లెక్కలోనే దొరుకుతుంది.

ఒక ప్రశ్నపత్రం తయారుచేయండి. కాలేజీలో చేసే అచీవ్‌మెంట్ టెస్ట్ రికార్డు, బ్లూప్రింట్ (ఏ పాఠానికి ఎన్ని మార్కులో చూపే పట్టిక) ఇక్కడ నిజంగా అక్కరకొస్తాయి. ఒక ఎఫ్ఏ పరీక్షకు (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మీరే పేపర్ ఇచ్చి, మీరే దిద్ది, మార్కుల జాబితా వేయండి. సీబీఎస్‌ఈ వైపు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి: అక్కడ 9, 10 తరగతుల పేపర్లలో సగం ప్రశ్నలు సామర్థ్యాల ఆధారంగా ఉంటాయి. బట్టీ కొట్టి రాసే ప్రశ్నను, ఆలోచించి రాసే ప్రశ్నగా మార్చడం నాలుగైదుసార్లు సాధన చేయండి.

వెనుకబడిన ముగ్గురు పిల్లల్ని పట్టుకోండి. రోజూ పదిహేను నిమిషాలు, ఆరు వారాలు. మొదటి రోజు ఏం చదవగలిగారు, ఆఖరి రోజు ఏం చదవగలిగారు అన్నది తేదీలతో రాయండి. యాక్షన్ రీసెర్చ్ (క్లాసులోని ఒక సమస్యను మీరే పరిశీలించి సరిచేసే పని) రికార్డు ఎలాగూ రాయాలి, దీన్నే రాయండి. తెలంగాణలో తొలిమెట్టు (చదవడం, లెక్కలు మొదటి నుంచి నేర్పే ప్రభుత్వ కార్యక్రమం) నడిచే ప్రాథమిక బడిలో పడితే మీ అదృష్టం, పిల్లల స్థాయి గుర్తించే పద్ధతి దగ్గరుండి చూస్తారు.

టీచర్ రానిరోజు ఆ క్లాసుకు వెళ్లండి. ముందస్తు ప్లాన్ లేకుండా నలభై నిమిషాలు గడపడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది.

ఒక పేరెంట్స్ మీటింగ్‌లో పక్కన కూర్చోండి. మాట్లాడక్కర్లేదు, వినండి చాలు. తల్లులు ఏం అడుగుతారో, పాత టీచర్లు ఎలా సర్దిచెబుతారో అక్కడ తప్ప ఎక్కడా నేర్చుకోలేరు.

హాజరు పట్టీ, టీచింగ్ డైరీ, ఇయర్ ప్లాన్: ఈ మూడూ ఒక నెలపాటు మీ చేత్తో రాయండి. విసుగు పుట్టించే పనే. కానీ చేరిన మొదటి నెలలో కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టేది పాఠం కాదు, ఈ కాగితాలే.

ఇంటర్న్‌షిప్ ముగిసేసరికి మీ చేతిలో ఉండాల్సినవి:

- మీరు దిద్దిన రెండు మూడు నోట్‌బుక్ పేజీల నకళ్లు, పిల్లల పేర్లు కనిపించకుండా
- మీ ప్రశ్నపత్రం, బ్లూప్రింట్
- ముగ్గురు పిల్లల పురోగతి, ఒక్క పేజీలో
- హెచ్‌ఎం సంతకంతో, మీరు చెప్పిన తరగతులు, వారాల వివరాలున్న లెటర్

పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు, వీడియోలు ఫైల్లో పెట్టకండి. స్కూల్ అనుమతి లేకుండా తీసినవైతే మంచి పేరు రాకపోగా ఉన్నది పోతుంది.

5. లెసన్ ప్లాన్: రికార్డుకు ఒకటి, స్కూల్‌కు ఒకటి

కాలేజీలో రాసే ప్లాన్ ఎనిమిది పేజీలు ఉంటుంది. లక్ష్యాలు, స్పష్టీకరణలు, టీచర్ కృత్యం, విద్యార్థి కృత్యం అన్నీ ఉంటాయి. దాన్ని తీసుకెళ్లి ప్రిన్సిపాల్ ముందు పెడితే మొదటి పేజీ తిప్పి పక్కన పెట్టేస్తారు. చదివే తీరిక ఉండదు.

ప్రతి పెద్ద ప్లాన్ పక్కన ఒక్క పేజీ ప్లాన్ రాయడం అలవాటు చేసుకోండి. అందులో ఐదే ఐదు వరుసలు:

- ఈ పీరియడ్ ముగిసేసరికి పిల్లలు ఏం చేయగలగాలి
- వాళ్లకు ముందే తెలిసి ఉండాల్సింది, దాన్ని పరీక్షించే రెండు ప్రశ్నలు
- ఎక్కువమంది చేయబోయే తప్పు, దానికి నా దగ్గరున్న మందు
- పిల్లలే చేసే పని, ఎన్ని నిమిషాలు
- ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరికి అర్థమైందో తెలుసుకునే దారి

మూడో వరుస రాయగలిగినవాళ్లు అరుదు. రాసినవాళ్లను నేను డెమోకి ముందే సగం ఎంపిక చేసేసుకుంటాను.

పీరియడ్ 40 నిమిషాలని రాసుకున్నా చేతికి దొరికేది 33 నిమిషాలే. క్లాసు మారడం, పిల్లలు సర్దుకోవడం, డైరీ రాయించడం మిగతాది తినేస్తాయి. ప్లాన్ ఆ 33కే వేయండి.

6. ఇంగ్లిష్ భయం: ఆరు వారాల పని

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. వ్యాకరణ పుస్తకం కొనకండి. క్లాసులో ఒక టీచర్ రోజూ వాడే వాక్యాలు నూటయాభై దాటవు. "ఓపెన్ యువర్ నోట్‌బుక్స్", "హూ కెన్ టెల్ మీ వై", "కమ్ అండ్ షో ఇట్ ఆన్ ద బోర్డ్" లాంటివి. ఇంటర్న్‌షిప్‌లో ఇంగ్లిష్ మీడియం టీచర్ క్లాసులో కూర్చుని వాటిని రాసుకోండి.

రోజూ పావుగంట, మీ సబ్జెక్టు ఇంగ్లిష్ మీడియం పుస్తకంలో ఒక పేజీ గట్టిగా చదవండి. ఆ పైన పుస్తకం మూసి అదే విషయాన్ని సొంత మాటల్లో ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు. మూడో వారానికి తేడా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. ఈ సాధనకు అవి చక్కగా పనికొస్తాయి.

డెమోలో మాట తడబడితే ఆగి తెలుగులో ఒక వాక్యం చెప్పి మళ్లీ ఇంగ్లిష్‌లోకి రండి. పిల్లలకు అర్థం కావడం కోసం తెలుగు వాడితే ఎవరూ తప్పుపట్టరు. రాని ఇంగ్లిష్‌ను వేగంతో కప్పిపుచ్చితే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

7. డెమో

నా మొదటి డెమో సంగతి చెప్తాను. బోర్డంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. పన్నెండు నిమిషాలు. అయిపోయాక వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వాను. హెచ్‌ఎం గారు ఒకటే అడిగారు: "ఆఖరి బెంచీలో ఎంతమంది ఉన్నారు?" నాకు తెలియదు. పన్నెండు నిమిషాలూ నా వీపే వాళ్లకు పాఠం చెప్పింది.

డెమో ఎక్కువగా పది నుంచి ఇరవై నిమిషాలు ఉంటుంది. కొన్నిచోట్ల నిజమైన క్లాసు ఇస్తారు, కొన్నిచోట్ల టీచర్లే పిల్లల్లా కూర్చుంటారు. ఫోన్లోనే నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి: ఏ తరగతి, ఏ పాఠం, ఎన్ని నిమిషాలు, ఎదురుగా పిల్లలుంటారా. పాఠం మీ ఇష్టమన్నారంటే మొత్తం అధ్యాయం కాదు, ఒకే ఒక్క భావన ఎంచుకోండి. మీ యాక్షన్ రీసెర్చ్‌లో పిల్లలు తప్పుచేసిన భావనైతే ఇంకా మంచిది.

ఒక ఉదాహరణ. ఆరో తరగతి, భిన్నాల కూడిక. బోర్డు మీద 1/2 + 1/3 రాసి "ఎంత?" అన్నారు. ఒక పిల్లాడు "2/5 టీచర్" అన్నాడు. డెమోలో నేను ఎదురుచూసే క్షణం ఇదే. "కాదు. ఇంకెవరైనా?" అని పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయిన అభ్యర్థులే ఎక్కువ.

కిందటేడు ఒకమ్మాయి మరోలా చేసింది.

"ఎలా వచ్చింది నాన్నా?"

"పైవి పైవి కలిపాను, కిందవి కిందవి కలిపాను."

"సరే. నీ దగ్గర సగం రొట్టె ఉంది. నేను ఇంకొంచెం ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గర సగం కంటే ఎక్కువుందా, తక్కువుందా?"

"ఎక్కువ."

"మరి 2/5 సగం కంటే ఎక్కువా?"

వాడు కాసేపు ఆలోచించాడు. ఐదులో సగం రెండున్నర. "తక్కువే టీచర్!" అని వాడే నవ్వేశాడు. అప్పుడా అమ్మాయి బ్యాగులోంచి ఆరు గళ్లుగా మడిచిన కాగితం పట్టీ తీసింది. సగమంటే మూడు గళ్లు, మూడో వంతంటే రెండు గళ్లు. మొత్తం ఐదు, ఆరింటిలో. 5/6. చార్టు లేదు, థర్మకోల్ బొమ్మ లేదు. ఆ కాగితం మడత ఒక్కటే టీఎల్‌ఎం (బోధన సామగ్రి). సాయంత్రానికి ఆ అమ్మాయికి ఫోన్ వెళ్లింది.

పదిహేను నిమిషాల డెమోకు నేను చెప్పే వరుస:

- మొదటి నిమిషం: ఇద్దరు ముగ్గురి పేర్లు అడిగి గుర్తుపెట్టుకోండి. తర్వాత పేరు పెట్టి పిలవండి.
- తర్వాత రెండు నిమిషాలు: ముందే తెలియాల్సిన విషయం మీద ప్రశ్నలు.
- ఐదు నిమిషాలు: కొత్త భావన. బోర్డు మీద రాసేది తక్కువ, రాస్తున్నప్పుడు పక్కకు తిరిగి నిలబడండి.
- ఐదు నిమిషాలు: పిల్లలు నోట్‌బుక్‌లో చేయాలి. మీరు బెంచీల మధ్య తిరగాలి. ఆఖరి బెంచీ దాకా.
- చివరి రెండు నిమిషాలు: ఒకే ప్రశ్న, అందరూ రాయాలి. ఎంతమందికి వచ్చిందో చూసి పైకి చెప్పండి.

ఎదురుగా కూర్చున్న టీచర్లలో ఒకరు కావాలనే "నాకు అర్థం కాలేదు మేడం" అంటారు. అది మీ ఓపికకు పరీక్ష. అదే వాక్యాన్ని ఇంకా గట్టిగా చెప్తే సరిపోదు, ఉదాహరణ మార్చాలి. ప్రతి భావనకూ రెండో ఉదాహరణ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి.

జవాబు తెలియని ప్రశ్న వస్తే "మంచి ప్రశ్న, రేపు చూసి చెప్తాను" అని బోర్డు మూలన రాయండి. ఊహించి తప్పు చెప్పినవాళ్లను నేను ఎప్పుడూ తీసుకోలేదు.

8. డెమో తర్వాత కుర్చీలో అడిగేవి

బీఈడీలో చదివిన మనస్తత్వవేత్తలు పియాజే, వైగోట్‌స్కీ గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా నిర్వచనం చెప్పి ఊరుకోకండి, ఆ ఆలోచన మీ క్లాసులో ఎక్కడ కనిపించిందో చెప్పండి. ఎక్కువగా అడిగేవి ఇలా ఉంటాయి:

"క్లాసులో ఒకడు అస్సలు మాట వినడు. ఏం చేస్తారు?" బయటికి పంపిస్తానని అనకండి, హెచ్‌ఎంకి చెప్తానని మొదటి మాటగా అసలే అనకండి. కొట్టడం విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, సరదాకి కూడా ఆ మాట రానివ్వొద్దు. ఇంటర్న్‌షిప్‌లో అలాంటి ఒక పిల్లాడితో మీరేం చేశారో చెప్పండి.

"ఒక తల్లి వచ్చి, మీరొచ్చాకే మా వాడి మార్కులు తగ్గాయంటుంది." జవాబు మొదలవ్వాల్సింది నోట్‌బుక్‌తో. "కూర్చోండమ్మా, వాడి పుస్తకం ఒకసారి చూద్దాం" అని మొదలుపెట్టి, ఏ రకం లెక్కలు తప్పుతున్నాడో చూపించి, రెండు వారాలు ఏం చేయబోతున్నారో చెప్పాలి. వాదన పెట్టుకోకూడదు, తప్పంతా నెత్తిన వేసుకోనూ కూడదు.

"డీఎస్సీ వస్తే వెళ్లిపోతారా?" ఇది అందరికీ ఇబ్బందైన ప్రశ్న. రాయనని అబద్ధం చెప్పకండి, ఎవరూ నమ్మరు. "రాస్తానండీ. వస్తే ముందుగా చెప్తాను, సిలబస్ ఎక్కడ ఆగిందో రాసిచ్చి వెళ్తాను" అనండి. నేనైతే ఈ జవాబుకే మార్కులు వేస్తాను.

9. ఫైల్ సర్దుకోండి

- ఒక్క పేజీ బయోడేటా. మొదటి వరుసలోనే సబ్జెక్టు, తరగతులు, టెట్ మార్కులు.
- పదో తరగతి నుంచి బీఈడీ దాకా మెమోల జిరాక్సులు, వరుసగా
- ఇంటర్న్‌షిప్ ఆధారాలు, నాలుగో భాగంలో చెప్పినవి
- ఒక్క పేజీ ప్లాన్లు మూడు
- దీక్ష పోర్టల్లో (కేంద్రం నడిపే ఆన్‌లైన్ విద్యా వేదిక) పూర్తిచేసిన కోర్సుల సర్టిఫికెట్లు రెండు మూడు, మీ సబ్జెక్టువే. ఇరవై పెడితే ఎవరూ చూడరు. సీబీఎస్‌ఈ టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ తప్పనిసరి కాబట్టి అక్కడ వీటికి విలువ ఎక్కువ.
- పోలీస్ వెరిఫికేషన్ కాగితం. సీబీఎస్‌ఈ స్కూళ్లు తప్పకుండా అడుగుతాయి, రావడానికి సమయం పడుతుంది, ముందే పెట్టుకోండి.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

తప్పు: డెమో ఇచ్చి ఇంటికొచ్చి ఫోన్ కోసం ఎదురుచూడటం. సవరణ: వచ్చే ముందే "నా పాఠంలో మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి" అని అడగండి. రాసుకోండి. ఐదో డెమోకి మీ దగ్గర నలుగురు అనుభవజ్ఞుల సలహా ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా.

తప్పు: అన్ని స్కూళ్లకూ ఒకటే డెమో. సవరణ: ఐఐటీ ఫౌండేషన్ నడిపే స్కూల్ లెక్క వేగం చూస్తుంది. కాలనీలోని చిన్న స్కూల్ ఓపిక చూస్తుంది. ముందురోజు స్కూల్ వదిలే వేళకు వెళ్లి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. పిల్లల్ని, తల్లిదండ్రుల్ని చూస్తే చాలా అర్థమవుతుంది.

తప్పు: జూన్‌లో వెతకడం మొదలుపెట్టడం. సవరణ: మంచి స్కూళ్లు ఫిబ్రవరి, మార్చిలోనే డెమోలు మొదలుపెడతాయి. సీబీఎస్‌ఈలో కొత్త విద్యా సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలు. రాష్ట్ర సిలబస్ స్కూళ్లకు జూన్ దాకా సమయం ఉన్నా, జూన్‌లో మిగిలేవి ఎవరో వదిలేసిన సీట్లు.

11. చేరే ముందు అడగాల్సినవి

అడగడానికి మొహమాటపడకండి. వారానికి ఎన్ని పీరియడ్లు? రోజుకు ఎన్ని లీజర్లు (క్లాసు లేని పీరియడ్లు)? జీతం పన్నెండు నెలలు ఇస్తారా, పది నెలలేనా? పీఎఫ్ ఉందా? అడ్మిషన్ల టార్గెట్ ఉందా? మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? జవాబులు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాసిస్తారా?

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇవ్వకండి. నేను మొదట చేరిన స్కూల్లో "అందరూ ఇస్తారమ్మా" అంటే బీఈడీ మెమో ఇచ్చేశాను. ఏడు నెలలకు ఒక ప్రభుత్వ పోస్టు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పిలుపొచ్చింది. అడిగితే కరస్పాండెంట్ ఊళ్లో లేరు, బీరువా తాళం ఆయన దగ్గరే ఉంది అన్నారు. వెరిఫికేషన్ గురువారం. బుధవారం రాత్రి తొమ్మిదింటికి, మా నాన్న వెళ్లి వాళ్ల మెట్ల మీద కూర్చుంటే, తాళం దొరికింది. ఒకవేళ ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, ఏ సర్టిఫికెట్, ఏ నంబరు, ఏ తేదీన తీసుకున్నారో స్కూల్ ముద్రతో రసీదు రాయించుకోండి, ఆ రసీదు ఫొటో ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచండి.